వాపు తగ్గితే మోకాలు బాగుపడినట్టేనా?

శ్రోతలందరికీ నమస్కారం. నేను చెన్నైలో ఫిజియోథెరపిస్ట్‌ని. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చే మనవాళ్లూ, ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లూ నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. వాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే. "దెబ్బ తగిలి మూడు నెలలైందండీ, వాపు పదిరోజుల్లోనే తగ్గింది, మరి మెట్లు దిగేటప్పుడు కాలు ఎందుకు తప్పుతోంది?"

పోయిన నవంబరు వానల్లో వేళచ్చేరిలో ఒక అబ్బాయి స్కూటర్ జారింది. పడిపోకుండా ఎడమకాలు నేలకు ఆనించాడు. పాదం అక్కడే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం బండితోపాటు పక్కకు తిరిగింది, మోకాల్లో పటుక్కుమన్న శబ్దం తనకే వినపడిందట. రెండు గంటల్లో మోకాలు కొబ్బరికాయంత అయింది. వాళ్లమ్మగారు పాపం వేడి కాపడం పెట్టి, బామ్ రాసి గట్టిగా మర్దన చేశారు. ప్రేమతోనే చేశారు, కానీ దయచేసి మొదటి రెండు మూడు రోజులు వేడీ వద్దు, మర్దనా వద్దు. లోపల రక్తం కారుతుంటుంది, వేడి పెడితే వాపు ఇంకా పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి చాలు.

మర్నాడు ఎక్స్‌రే తీస్తే ఎముక బాగుందన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్ పోయింది. అసలు తప్పటడుగు పడేది ఇక్కడే, ఎందుకంటే ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ లిగమెంట్ కనపడదు.

తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీలే లిగమెంట్లు. మోకాలికి ముఖ్యమైనవి నాలుగు. చెరోపక్కా ఒకటి, లోపల కత్తెరలా ఒకదానికొకటి అడ్డంగా రెండు. ఆ కత్తెరలో ముందుదాన్ని ఏసీఎల్ అంటారు. కింది ఎముక ముందుకు జారకుండా, కాలు అతిగా మెలితిరగకుండా కాసేది అదే. దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే మోకాలు బాగా ఉబ్బిందంటే ముందు దాన్నే అనుమానించాలి.

ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చేసరికి జనవరి. మోకాలు కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగాను. మంచి మోకాలైతే తాడు బిగిసినట్టు టక్కున ఆగుతుంది. ఇతనికి ఆగలేదు, మెత్తగా ముందుకొచ్చేసింది. తర్వాత ఎమ్మారైలోనూ అదే తేలింది, ఏసీఎల్ పూర్తిగా తెగింది.

ఎముక విరిగితే పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోవడం మన వైపు తరతరాల అలవాటు. ఇది మాత్రం ఎముక సంగతి కాదు, కీలు లోపల ద్రవంలో తెగిన పట్టీ. దాని కొసలు వాటంతట అవి అతుక్కోవడం అరుదు, పైనుంచి ఎంత బిగించి కట్టినా ఆ ఫలితం రాదు. మోకాలికి పక్కన, రెండో కాలి వైపు ఉండే లిగమెంట్ సంగతి వేరు, అది చాలాసార్లు మోకాలికి ఊతమిచ్చే బ్రేస్ వేసుకుని కొన్ని వారాలు జాగ్రత్త పడితే ఆపరేషన్ లేకుండానే మానుతుంది.

ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకీ ఆపరేషన్ అక్కర్లేదు, ఇది గట్టిగా చెప్తున్నాను. ఆటలు ఆడకుండా, కండరాలు బలపరచుకున్నాక కాలు తప్పకుండా ఉంటే అలాగే హాయిగా నడిచేవాళ్లు ఉన్నారు. కానీ మాటిమాటికీ కాలు తప్పుతుంటే ఊరుకోకూడదు, తప్పినప్పుడల్లా ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగే ప్రమాదం ఉంది, అది పోతే అరుగుదల ముందే మొదలవుతుంది. ఆపరేషన్‌లో తెగినదాన్ని మామూలుగా కుట్టరు. తొడ వెనక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో కండను ఎముకకు కలిపే మన స్నాయువునే కొంత తీసి, చిన్న రంధ్రాల గుండా కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు.

ఆ తర్వాత పని మనది. ఆ స్కూటర్ అబ్బాయికి రెండు తొడలూ టేపుతో కొలిస్తే ఎడమది మూడు సెంటీమీటర్లు సన్నం. చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, దాన్ని నేలకు నొక్కుతూ తొడ కండ బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం, మొదట్లో ఇదే వ్యాయామం. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, అందుకే చాలామంది వారానికే మానేస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది. మూడో నెలకు నొప్పి పోతుంది, బాగైపోయిందనుకుంటారు, కానీ కొత్త లిగమెంట్ అప్పటికింకా పూర్తిగా గట్టిపడదు. తొమ్మిది నెలలు దాటకుండా ఆటలోకి దిగితే మళ్లీ తెగే అవకాశం ఎక్కువ. మన పుల్లెల గోపీచంద్ 1994లో ఆటలోనే మోకాలు బాగా దెబ్బతిని, ఆపరేషన్లయ్యాక, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. మధ్యలో ఏడేళ్లున్నాయి, గమనించండి.

ఒక్క హెచ్చరిక. పెద్ద ప్రమాదం తర్వాత మోకాలు వంకర తిరిగినా, పాదం చల్లబడినా, స్పర్శ లేకపోయినా గంటలు వృథా చేయొద్దు. రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

ఆ అబ్బాయికి ఆపరేషనై ఇప్పుడు ఏడో నెల. మొన్న కుర్చీలోంచి ఒంటికాలి మీద లేవమన్నాను. కుడికాలి మీద సులువుగా లేచాడు, ఎడమకాలు సగంలో వణికింది. షటిల్ ఎప్పుడు ఆడొచ్చండీ అని అడిగాడు. ఆ వణుకు ఆగాక మాట్లాడుకుందాం నాన్నా అన్నాను.

ఉంటాను, నమస్కారం.