బాంబు సంగతి మనకే తెలుసు

అందరికీ నమస్కారం.

ఇప్పుడు తెర మీద మీరు ఒకే షాట్‌ని రెండుసార్లు చూశారు. మొదటిసారి టైటిల్స్‌తో, మ్యూజిక్‌తో. రెండోసారి ఆ రెండూ లేకుండా. నటులు వాళ్లే, వీధి అదే, కెమెరా నడక అదే. కానీ రెండోసారి వేసినప్పుడు వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తారు. నేను ఇక్కడి నుంచి గమనిస్తూనే ఉన్నాను. ఎందుకు తలెత్తారో చెప్పడానికే ఈ ప్రసంగం.

సినిమా ‘టచ్ ఆఫ్ ఈవిల్’, 1958లో వచ్చింది. దర్శకుడు ఆర్సన్ వెల్స్. కథ మెక్సికో, అమెరికా సరిహద్దులో ఒక ఊళ్లో జరుగుతుంది. ఆ ఊరు అనుకుని మనం చూసేది కాలిఫోర్నియాలోని వెనిస్. కెమెరామన్ రసెల్ మెటీ.

షాట్ ఎలా మొదలైందో గుర్తు చేసుకోండి. రెండు చేతులు, వాటిలో ఒక టైమర్. ముల్లు తిప్పాడు. ఎక్కడో ఆడమనిషి నవ్వు వినపడగానే పరుగు తీశాడు. గోడ మీద అతని నీడ అతనికంటే పెద్దగా సాగింది. కారు డిక్కీ ఎత్తి, బాంబు పెట్టి, మాయమయ్యాడు. ఒక పెద్దమనిషీ, ఒక అమ్మాయీ వచ్చి అదే కారెక్కారు. కెమెరా క్రేన్ మీద పైకి లేచి ఇంటి కప్పుల మీదుగా చూసింది. కారు మలుపు తిరిగి వీధిలోకి వచ్చేసరికి కిందికి దిగి, దానికి ఎదురుగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. మూడు నిమిషాల పైచిలుకు ఎక్కడా కట్ లేదు.

ఆ తర్వాత ఏం జరిగింది? నిజం చెప్పాలంటే ఏమీ జరగలేదు. ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తితే కారు ఆగింది. తోపుడు బండి అడ్డం వచ్చింది. మేకలు అడ్డం వచ్చాయి. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి నడుచుకుంటూ పోతోంది, ఆ వేషాలు వేసింది చార్ల్‌టన్ హెస్టన్, జానెట్ లీ. కారు ఆగినప్పుడల్లా వాళ్లు దాన్ని దాటుకుని ముందుకు పోతారు. కదిలిందంటే అది మళ్లీ వీళ్ల దగ్గరికొస్తుంది. చెక్‌పోస్టు దగ్గర కారూ, ఈ జంటా పక్కపక్కనే ఆగారు. అక్కడ అధికారి తీరిగ్గా కబుర్లేసుకుంటాడు. కార్లో అమ్మాయి తలలో ఏదో టిక్కుటిక్కుమంటోందని గొణుగుతుంది. ఎవరూ పట్టించుకోరు. కుర్చీలో కూర్చున్న మనకు మాత్రం లేచి అరవాలనిపిస్తుంది.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ ఈ కిటుకుని ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో మాట్లాడినప్పుడు విడమరిచి చెప్పాడు. బల్ల కింద బాంబుందని ప్రేక్షకుడికి చెప్పకుండా పేల్చితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే చెప్పి, బల్ల దగ్గరున్న వాళ్లచేత పిచ్చాపాటీ మాట్లాడిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. వెల్స్ బల్లకి బదులు కారు పెట్టాడు, పైగా ఆ కారుని ఊరంతా తిప్పాడు.

కట్ ఎందుకు చేయలేదన్నది అసలు ప్రశ్న. సినిమా చదువుకునే పిల్లలు ఈ షాట్ గురించి మాట్లాడితే క్రేన్ పనితనం గురించే మాట్లాడతారు. నిజమే, అది మామూలు పనితనం కాదు. చెక్‌పోస్టు అధికారి వేషం వేసినాయన డైలాగ్ తప్పుతూ ఉండటంతో రాత్రంతా రీటేకులు పోయాయనీ, చివరికి తెల్లవారుతుండగా షాట్ ఓకే అయిందనీ హెస్టన్ చాలాసార్లు చెప్పుకున్నాడు. కానీ ఆ కష్టం ప్రేక్షకుడికి అక్కర్లేదు. కట్ పడితే కాలం మన చేతుల్లోంచి జారిపోతుంది. ఎడిటర్ పది సెకన్లని ముప్పై చేయగలడు, ముప్పైని మూడు చేయగలడు. అది ప్రేక్షకుడికి పేరు పెట్టి చెప్పలేకపోయినా ఒంటికి తెలుసు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. టైమర్ మీద నడిచే కాలం, మన వాచీలో నడిచే కాలం ఒకటే. తప్పించుకునే దారి లేదు. చివరికి మొగుడూపెళ్లాలు ముద్దు పెట్టుకోబోతుండగా పేలుడు వినిపిస్తుంది, అప్పుడు పడుతుంది మొదటి కట్. ఆ తర్వాత కెమెరా ఆ నున్నటి నడక వదిలేసి, చేతిలో పట్టుకుని పరిగెత్తినట్టు ఊగిపోతుంది. ఊళ్లో ఇంక ఏదీ సవ్యంగా ఉండదని వెల్స్ ఒక్క మాట లేకుండా చెప్పేశాడు.

ఇప్పుడు చప్పుళ్ల సంగతి. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

1958లో యూనివర్సల్ కంపెనీ ఈ షాట్ మీద టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ మ్యూజిక్ పెట్టింది. వెల్స్ కోరుకున్నది అది కాదు. స్టూడియో మార్చిన సినిమా చూశాక, 1957 డిసెంబర్‌లో 58 పేజీల ఉత్తరం రాశాడు, ఎక్కడ ఏం మార్చాలో వివరంగా. అప్పట్లో చాలావరకు పక్కన పెట్టేశారు. వెల్స్ 1985లో పోయాడు. 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఆ ఉత్తరం ముందు పెట్టుకుని సినిమాని మళ్లీ ఎడిట్ చేశాడు. మీరు రెండోసారి చూసింది అదే. టైటిల్స్ చివరికి పోయాయి. మ్యూజిక్ తీసేసి వీధిని వినిపించాడు. ఒక్కో బారు ముందు నుంచి వెళ్తుంటే ఒక్కో పాట, ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరుగుతుంది. వాటి మధ్యలో ఆ కారు రేడియో.

ఆ రేడియోని పట్టుకోండి. కారు దగ్గరికొస్తే పాట పెరుగుతుంది, దూరం పోతే తగ్గుతుంది. అంటే బాంబు ఎంత దూరంలో ఉందో ఇప్పుడు చెవి చెబుతోంది. కారు తెర మీద లేని క్షణంలో కూడా దాన్ని వెతుక్కోవడం మానలేం. మాన్సినీ మ్యూజిక్‌ని తీసిపారేయలేం, ఆ డ్రమ్స్ దరువు గడియారంలా బాగానే కొట్టుకుంటుంది. కానీ అది కారు దగ్గరున్నా దూరమున్నా ఒకే తీరుగా మోగుతుంది. ఇది థ్రిల్లర్ అని చెబుతుంది, అంతే. బాంబు ఎక్కడుందో చెప్పదు. పైగా తెర మీద అక్షరాలు కనిపిస్తే కన్ను చదవకుండా ఉండదు. చదువుతున్నంతసేపూ కారుని మర్చిపోతాం.

టైటిల్స్ విషయంలో మనవాళ్ల అలవాటు మీకు తెలిసిందే. దేవుడి పటం, కృతజ్ఞతల కార్డులు, సిగరెట్ ప్రకటన, ఇవన్నీ అయ్యేదాకా జనం సీటు నంబర్లు వెతుక్కుంటూనే ఉంటారు. దీన్ని పూర్తిగా తప్పు పట్టను. మన పద్యనాటకాల్లో తెర లేవకముందు హార్మోనియం మీద ‘పరాబ్రహ్మ పరమేశ్వర’ ఎత్తుకునేది కూడా జనం సద్దుమణగడానికే. దాని పని అది చేసింది. తెర లేచాక కూడా ప్రార్థన గీతమే పాడుతూ కూర్చుంటే చిక్కు. ఈమధ్య నాకు పంపే షార్ట్ ఫిల్ముల్లో సగం ఇలాగే మొదలవుతున్నాయి. డ్రోన్‌తో ఊరు, పొద్దుపొడుపు, వెనకాల వయొలిన్ ఏడుపు. ఎవరి కోసం ఏడవాలో మాకింకా తెలియదు కదయ్యా! ఆ ఊళ్లో ఒక బోరింగు కిర్రుమనే చప్పుడు, ఎవరింట్లోనో టీవీ, అవి చాలు. ముందు మ్యూజిక్ లేకుండా ఒకసారి ఎడిట్ చేసి చూసుకోండి. నిలబడకపోతే లోపం షాట్లలో ఉంది, వయొలిన్ దాన్ని బాగుచేయదు.

తర్వాతి క్లిప్ సెర్జియో లియోనే తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’, 1968. రైల్వే స్టేషన్లో ముగ్గురు తుపాకీ గాళ్లు రైలు కోసం కూర్చుని ఉంటారు. కిర్రుమనే గాలిమర, టోపీ మీద చుక్కచుక్కగా పడే నీళ్లు, గడ్డం మీద వాలే ఈగ. టైటిల్స్ ఇక్కడా ఉన్నాయి, కానీ ఒక్కొక్కటీ తీరిగ్గా వస్తుంది, మనమూ వాళ్లతోపాటు కూర్చున్నట్టే ఉంటుంది. మొరికోనె అంతటి సంగీత దర్శకుడు పక్కనుండి కూడా, రైలు వచ్చి వెళ్లేదాకా ఒక్క స్వరం వినపడదు. వెల్స్‌ది తరిగిపోయే కాలం, లియోనేది కదలని కాలం, ఆ తేడా గమనించండి. బోర్ కొట్టిందనేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఎన్నో నిమిషంలో కొట్టిందో రాసుకోండి, టీ తాగుతూ అక్కడే ఆపి మళ్లీ వేసి మాట్లాడుకుందాం. లైట్లు ఆర్పండి బాబూ.