టీకా వయల్ తెరవాలంటే వంద కోడిపిల్లలు కావాలి

(నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర ఒక ఊళ్ళో, గ్రామ సమాఖ్య ద్వారా వనరాజా అనే పెరటికోళ్ళ రకం పిల్లలు పంచిన రోజు మాట్లాడిన పాఠం)

వేదిక మీదున్న పెద్దలకి, పశువుల డాక్టరు గారికి, అక్కలకి, చెల్లెళ్ళకి నమస్కారం. నన్ను వందన సమర్పణ చెయ్యమన్నారు. అందరికీ వందనాలు. ఇక నేను చెప్పాల్సింది వేరే ఉంది, అది చెప్పే దిగుతాను.

ఆ మూల అట్టపెట్టెల్లో అరుస్తున్నవి నిన్న పొదిగిన పిల్లలు. 14 మందికి తలా 20. మొత్తం 280. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అడుగుతాను.

2023 నవంబరు ఆఖర్లో నేను 50 పిల్లలు తెచ్చుకున్నాను. తొమ్మిదో రోజుకి మిచౌంగ్ తుపాను. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటకముందే మనల్ని ముంచింది. కరెంటు పోయింది. బల్బు ఆరితే పిల్లలు వెచ్చదనం కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతాయి. తెల్లారి లాంతరు పట్టుకుని చూస్తే 19 పోయాయి. పైన ఉన్నవాటికి చెమ్మ కూడా తగల్లేదు. అప్పుడు సీసాల్లో వేణ్నీళ్ళు పోసి, గోనెపట్టా చుట్టి మధ్యలో పెడితే 31 నిలబడ్డాయి. ఆ బుద్ధి నాకు ముందురోజు రాత్రే పుట్టి ఉండాల్సింది.

అందుకే చెప్తున్నా, మన వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఈ రాత్రికే నాలుగు సీసాలు పక్కన పెట్టుకోండి. బల్బు అంటే ఎల్‌ఈడీ కాదమ్మా, దానికి వెలుగే గానీ వేడి ఉండదు. పాత గుండు బల్బు కావాలి. పిల్లకి రెండు వాట్ల లెక్కన 20 పిల్లలకి 40 వాట్ల బల్బు ఒకటి చాలు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించాలి. మన దగ్గర థర్మామీటరు ఎక్కడుంది అంటారా? పిల్లల్నే చూడండి. బల్బు కిందకి గుంపుగా చేరితే చలి. నోళ్ళు తెరుచుకుని గోడ వారకి పోతే ఉక్క. చెదురుగా పడుకుని నిద్రపోతుంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి లేచి చూడాలి. చంటిబిడ్డకి లేవలేదా మనం?

నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వెయ్యండి, లేకపోతే పిల్ల మునిగిపోతుంది. కింద వడ్ల పొట్టు రెండు అంగుళాలు పరవండి, శనక్కాయ పొట్టయినా పర్లేదు. తడిస్తే ఆ రోజే తీసెయ్యాలి. తడి పొట్టులోనే రక్తపు రెట్టల జబ్బు పుడుతుంది. నూకలు ఒక్కటే వేస్తే ఎదగవు, మొదటి రెండు నెలలు స్టార్టర్ మేత కొనాల్సిందే.

నేను రాతకోతలు నేర్చింది 1991లో, అక్షర దీపం రాత్రి బడిలో. ఆ అక్షరాలు నాకు ఇప్పుడు కోళ్ళ పుస్తకంలో పనికొస్తున్నాయి. ప్రతి ఆదివారం పొద్దున మేత వెయ్యకముందు ఐదు పిల్లల్ని కాటా మీద పెట్టి రాస్తాను. తెచ్చిన రోజు 38 గ్రాములు. తుపాను పోయాక బతికినవాటిని తూస్తే, వారం గడిచినా బరువు కదల్లేదు. మేత తింటూనే ఉన్నాయి, కంటికి బాగానే ఉన్నాయి. కాటా చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఇప్పుడు అసలు విషయం. మొదటి వారంలో వెయ్యాల్సిన కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) టీకా మందు తప్పింది. వాన వెలిశాక పశువుల ఆసుపత్రికి పోయాను. ఏ ఆసుపత్రో చెప్పను. "అమ్మా, వయల్‌లో, అంటే ఈ మందు సీసాలో, కనీసం 100 డోసులుంటాయి. నీళ్ళలో కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. నీ 31 పిల్లల కోసం తెరిస్తే మిగతాది వృథా. ఇంకో 70 పిల్లలున్నవాళ్ళని తీసుకురా" అన్నారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ నేనొక్కదాన్ని 70 పిల్లల్ని ఎక్కడినుంచి తెచ్చేది? తిరిగొచ్చేశాను. సంక్రాంతి వెళ్ళాక పచ్చ రెట్టలు మొదలయ్యాయి. ఒక పెట్ట మెడ వెనక్కి మెలిదిరిగి, గింజ కోసం పొడిస్తే నేల తగలక పక్కకి పడిపోయేది. మళ్ళీ లేచేది, మళ్ళీ పొడిచేది. నాలుగు రోజుల్లో 26 పోయాయి. పుస్తకంలో 5 అని రాసి మూసేశాను.

ఆ ఫిబ్రవరిలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది. కొక్కెర తెగులూ, బర్డ్ ఫ్లూ కంటికి ఒకేలా ఉంటాయి, ఏదో ల్యాబులోనే తేలుతుంది. కోళ్ళు గుంపుగా చస్తుంటే కాలవలో పారెయ్యకండి, కొయ్యకండి, అమ్మకండి. ఆసుపత్రికి చెప్పండి.

ఇందాకటి లెక్క ఎంత? 280. అందరి పిల్లలకీ ఒకే వయసు. డాక్టరు గారూ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఏడో రోజు పొద్దున ఆరింటికి మేమే పిల్లల్ని గంపల్లో పెట్టుకుని ఈ మెట్ల దగ్గరికి వస్తాం. ఐసు ముక్కలు, ఫ్లాస్కు నేను తెస్తాను. మీరు వయల్ తెరవండి. కంట్లో చుక్క పడ్డాక రెప్ప వేసేదాకా పిల్లని చేతిలో పట్టుకుంటాం. 28వ రోజున మళ్ళీ ఇలాగే వస్తాం.

అక్కా, వెనక వరసలో లేచి పోతున్నావు, పెట్టె తీసుకునే ముందు ఇటు రా. ఎవరు, ఏ వీధి, చెప్పండి. పుస్తకం తెచ్చాను, రాసుకుంటాను.