యాక్సిల్ బూట్ క్లిప్పుకి కటింగ్ ప్లేయర్ ఎందుకు పనికిరాదు?

[తెర మీద: రిమ్ము లోపలివైపు చిమ్మిన నల్లటి గ్రీజు]

ఇది నా కారే. యాక్సిల్ బూట్ అంటే చక్రాన్ని తిప్పే షాఫ్ట్ జాయింట్ మీద, లోపలి గ్రీజు పోకుండా ఉండే మడతల తొడుగు. దాని పెద్దవైపు జాయింట్ మీద, చిన్నవైపు షాఫ్ట్ మీద క్లిప్పుతో బిగిస్తారు. నా బూట్ ఎక్కడా చిరగలేదు, వేయించి అప్పటికి మూడు నెలలే. వేసినతను చిన్నవైపు ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి పంపించాడు. అక్కడినుంచి గ్రీజు చిమ్మి, చివరికి జాయింటే మార్చాల్సి వచ్చింది. "క్లిప్పుదేముందండీ, కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే చాలు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండేది ఇందుకే.

ఆవకాయ జాడీకి వాసెన కట్టడం చూసే ఉంటారు. జాడీ మూతి కింద చుట్టూ ఒక పల్లం ఉంటుంది. గుడ్డ కప్పి, తాడు సరిగ్గా ఆ పల్లంలో పడేలా బిగిస్తారు. వదులైతే తేమ లోపలికి చేరి బూజు పడుతుంది. బూట్ కూడా వాసెనే. లోపల ఆవకాయ బదులు మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే కందెన పొడి కలిపిన నల్ల గ్రీజు, తాడు బదులు క్లిప్.

కానీ ఈ జాడీ తిరుగుతుంది! 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం, దాంతోపాటు షాఫ్టూ నిమిషానికి సుమారు 685 సార్లు తిరుగుతాయి. లోపలి గ్రీజు బయటికి తన్నుతూనే ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు బూట్ మడతలు ఒకవైపు సాగి, ఇంకోవైపు ముడుచుకుంటాయి. అలాంటి జాడీకి వాసెన ఎంత గట్టిగా కట్టాలి?

[తెర మీద: చెవి క్లిప్, పక్కన దాని పటకారు]

కొత్త బూట్ కిట్‌లో ఎక్కువగా వచ్చేది ఈ చెవి క్లిప్. చాలామంది ఓటికర్ క్లిప్ అంటారు. హాన్స్ ఓటికర్ 1942లో స్విట్జర్లాండ్‌లో పెట్టిన కంపెనీ పేరే అది. పట్టీ మీద లేచిన ఈ చెవిని నొక్కితే పట్టీ బిగుసుకుంటుంది. నొక్కే పటకారు మేకులు పీకేదానిలాగే ఉంటుంది, దీని అంచులు మాత్రం మొండిగా ఉంటాయి. అసలు సంగతంతా ఆ మొండితనంలోనే ఉంది. పదునైన అంచు చెవిని కొరికేస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే చెవి ఒకవైపుకి వాలుతుంది. మొదళ్లు రెండూ సమంగా దగ్గరికొచ్చి చెవి నిటారుగా నిలబడాలి. పాత పటకారు అంచులను గ్రైండర్ మీద మొండి చేసి వాడేవాళ్లున్నారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు, మంచి ఆలోచనే.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయం. పలచని గుడ్డకి కట్టినట్టు గోనెపట్టాకి వాసెన కడితే నిలుస్తుందా? పాత రకం రబ్బరు బూట్ పలచని గుడ్డ లాంటిది, చేతి పటకారు బలం చాలు. కొత్త కార్లలో వచ్చే గట్టి ప్లాస్టిక్ బూట్ గోనెపట్టా. చెవి నొక్కుకున్నట్టే కనిపిస్తుంది, చేత్తో తిప్పితే బూట్ జారుతుంది. దానికి టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్, తగిలించి బిగించే టూల్ కావాలి. కొన్ని కార్లకు ఆ బిగింపు 100 న్యూటన్ మీటర్లు దాటుతుంది. అదే బలం రబ్బరు మీద పెడితే బూట్ తెగుతుంది. అందుకే టూల్ కొనేముందు మీ బూట్ ఏ రకమో చూడండి.

చెవి లేకుండా కొక్కేలతో పట్టుకునే చదును క్లిప్ వస్తే ఈ పటకారు పనికిరాదు. రెండు కొనలు కొక్కేల్లో దూరి దగ్గరికి లాగే ప్లేయర్ వేరే ఉంటుంది. పొడుగు స్టీలు పట్టీ అయితే లాగి, మడిచి, కోసే బ్యాండింగ్ టూల్ కావాలి. ఏ సైజుకైనా సరిపోతుంది కాబట్టి నాకు అదే ఎక్కువ ఇష్టం. స్క్రూతో బిగించే హోస్ క్లిప్ మాత్రం వద్దు. స్క్రూ ఉన్నచోట బరువెక్కువ, దాని కింద పట్టు తక్కువ. దారిలో ఇబ్బందైతే ఇల్లు చేరేదాకా సరే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. వాసెన కట్టేముందు జాడీ మూతి తుడిచినట్టు, క్లిప్ కూర్చునే గాడిలో గ్రీజు లేకుండా తుడవండి. ముందు పెద్దవైపు బిగించండి. చిన్నవైపు బూట్ కింద సన్నని మొండి స్క్రూడ్రైవర్ దూర్చి, ఇరుక్కున్న గాలి వదలండి. బూట్ మామూలు ఆకారానికి వచ్చాకే అటువైపు క్లిప్. పాత క్లిప్ మళ్లీ వాడొద్దు. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, చక్రం చేత్తో తిప్పుతూ చెవి దేనికైనా తగులుతుందేమో చూడండి. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక టార్చ్ వేసి రిమ్ము లోపలివైపు మళ్లీ చూడండి.