వృద్ధాశ్రమంలో వడ్డన: వేడి ఎంత ఉండాలి?

[తెర మీద: మే నెల, విజయవాడ. వృద్ధాశ్రమం వంటగది. పొయ్యి పక్కన మూత తీసిన పప్పుచారు గుండిగ.]

వాయిస్: నమస్కారం. ఎండాకాలంలో బెజవాడ వంటగది ఎలా ఉంటుందో మీకు తెలుసు. పదకొండింటికి దించిన పప్పుచారు ఒంటిగంటైనా పూర్తిగా చల్లారదు, గోరువెచ్చగా ఉండిపోతుంది. ప్రమాదమంతా ఆ గోరువెచ్చదనంలోనే ఉంది.

[తెర మీద: 5 – 60 డిగ్రీల సెల్సియస్]

రోగాలు తెచ్చే బ్యాక్టీరియా ఈ రెండు అంకెల మధ్య పెరుగుతుంది. వండినది 60 పైన ఉండాలి, లేదా 5 లోపు ఉండాలి. బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ అయితే 32 డిగ్రీలు దాటిన ఎండల్లో గంటే అంటుంది. మనకు ఆ గంట లెక్కే సరి.

[థర్మామీటర్ గుచ్చుతున్న చేయి]

గిన్నె తాకి చూసి "వేడిగానే ఉంది" అనుకోవద్దు. గుచ్చి చూసే థర్మామీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. అడుగు తగలకుండా గుండిగ మధ్యలో పెట్టండి. ఐసు నీళ్లలో సున్నా చూపిస్తే అది సరిగ్గా పనిచేస్తున్నట్టే. పప్పుచారు వేడి 60 కన్నా తగ్గిందా, ఆ గంట దాటకముందే తెర్లేదాకా మళ్లీ కాచాలి.

అన్నం సంగతి వేరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. ఉడికినా అవి చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే విషం తయారవుతుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. పొద్దుటి నుంచి బయటున్న అన్నంతో రాత్రికి పులిహోర కలపొద్దు. చింతపండు పులుపు చూసి ధైర్యపడొద్దు. ఎనభై ఏళ్ల మనిషి ఒక్కపూట వాంతులతోనే ఒంట్లో నీరంతా పోయి ఆసుపత్రి పాలవుతారు.

[మేడ మీద గది. మంచం పక్కన పళ్లెం, పైన తిరుగుతున్న ఫ్యాను.]

ఇక రుచి. వయసుతో నాలుకకి, ముక్కుకి పదును తగ్గుతుంది. పప్పు పొగలు కక్కుతుంటేనే ఇంగువ వాసన అందుతుంది. కానీ స్టీలు పళ్లెంలో, ఫ్యాను కింద ఆ వేడి ఎంతసేపు? ఆయమ్మ ఒకరికి తినిపించి వచ్చేలోపు పక్క మంచం వాళ్ల పళ్లెం చల్లబడిపోతుంది. నాలుగు ముద్దలు తిని చాలంటారు. ఆశ్రమం పుస్తకంలో "ఆకలి లేదు" అని రాస్తారు. ఇది నాకు చాలా బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆకలి ఉంది.

అన్ని పళ్లాలూ ఒకేసారి వడ్డించకండి. తినిపించే మనిషి ఖాళీ అయ్యాకే వడ్డించండి. నెమ్మదిగా తినేవారికి సగమే పెట్టి, మిగతాది హాట్‌బాక్స్‌లో ఉంచండి. హాట్‌బాక్స్ ఉన్న వేడిని నిలుపుతుందే తప్ప కొత్తగా పుట్టించదు, కాబట్టి ముందు వేడినీళ్లతో తొలిచి, పొగలొచ్చే కూరే సర్దాలి.

అలాగని నోరు కాలేంత వేడీ వద్దు. చేతులు వణికేవారికి, పక్షవాతం వచ్చినవారికి కాఫీ కాస్త చల్లార్చి, పిడి ఉన్న కప్పులో సగమే పోయండి. పెరుగు మాత్రం వడ్డించేదాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

[గేటు దగ్గర పండ్ల సంచితో ఒక కొడుకు]

చూడ్డానికి వెళ్లే పిల్లలకి ఒక మాట. ఈసారి సాయంత్రం కాకుండా భోజనాల వేళకి వెళ్లండి. అమ్మ మంచం దగ్గరికి పళ్లెం ఎప్పుడొస్తోందో, ఎవరు తినిపిస్తున్నారో చూడండి. చల్లగా ఉంటే మొహమాటపడకుండా, వేడిగా వడ్డించమని అడగండి.