ఫోన్-ఇన్: ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి కరెంటు ఆదా చేసే పంపు

యాంకర్: తర్వాతి కాలర్. హలో, చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. మా పూల్‌కి 1.5 హెచ్‌పీ పంపుంది. బిల్లు బాగా వస్తోంది. 2 హెచ్‌పీ పెడితే త్వరగా పనైపోతుంది, కట్టేయొచ్చంటున్నారు. అదీగాక అది మోత కూడా...

నిపుణుడు: ఆగండి. కొలతలెంత?

కాలర్: 8 మీటర్ల పొడవు, 4 వెడల్పు. లోతు ఒక పక్క తక్కువ, ఇంకో పక్క...

నిపుణుడు: సగటున?

కాలర్: ఒకటిన్నర.

నిపుణుడు: అంటే 48,000 లీటర్లు. 8 గంటల్లో ఒకసారి నీళ్ళన్నీ ఫిల్టరవ్వాలంటే గంటకు 6,000 లీటర్లు చాలు. ఉన్న పంపే మీకు ఎక్కువ. వేరియబుల్ స్పీడ్ పంపు తీసుకోండి. స్పీడు సగానికి తగ్గిస్తే నీళ్ళు సగం వస్తాయి, పవర్ మాత్రం లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారు నష్టాలు పోను ఐదో వంతనుకున్నా, రెట్టింపు సేపు నడిపినా సగానికి పైగా యూనిట్లు మిగులుతాయి.

కాలర్: సరేనండి. పోనీ 2 హెచ్‌పీ పెట్టి గంటలు తగ్గిస్తే?

నిపుణుడు: అదే వద్దంటున్నానండీ! పైపులు అవేగా. ప్రవాహం రెట్టింపైతే పైపులో రాపిడి నాలుగింతలు. సాండ్ ఫిల్టర్ హద్దు దాటితే ఇసుకలో దారులు పడి, మురికి మళ్ళీ పూల్‌లోకే వస్తుంది. హెచ్‌పీ చూసి పంపు కొనకండి. మీ హెడ్ దగ్గర, అంటే ఎత్తూ పైపుల రాపిడీ కలిపి పంపు మీద పడే భారం దగ్గర, ఎన్ని నీళ్ళిస్తుంది, ఎన్ని వాట్లు తింటుంది, అది కంపెనీ ఇచ్చే పంపు కర్వ్‌లో, అంటే గ్రాఫ్‌లో చూడండి.

కాలర్: మరి స్పీడెంత పెట్టాలి?

నిపుణుడు: కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోండి. స్కిమ్మర్, అంటే పూల్ గోడలో నీళ్ళు లాగే నోరు, నీటి మీది ఆకుల్ని లాగడం మానేసిందా, ఒక మెట్టు పెంచండి. ఉప్పు నుంచి క్లోరిన్ చేసే సాల్ట్ క్లోరినేటర్ ఉందా?

కాలర్: ఉందండి.

నిపుణుడు: నీళ్ళ ప్రవాహం మరీ తగ్గి దాని ఫ్లో స్విచ్ ఆగిపోకూడదు. ఆగితే క్లోరిన్ తయారవదు, నీళ్ళు పచ్చబడతాయి. బ్యాక్‌వాష్‌కి, అంటే నీళ్ళు వెనక్కి పంపి ఫిల్టర్ కడగడానికి మాత్రం ఫుల్ స్పీడు పెట్టండి. ఫిల్టర్ ప్రెషర్ గేజ్ ఎప్పుడూ ఆ స్పీడులోనే చూడాలి. శుభ్రంగా ఉన్నప్పటికన్నా 0.5 బార్ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి. తక్కువ స్పీడులో ఫిల్టర్ మూసుకుపోయినా ముల్లు పెద్దగా కదలదు.

యాంకర్: ధన్యవాదాలండి. తర్వాతి కాలర్.

కాలర్: సార్, పాత పంపుకే వీఎఫ్‌డీ, అదే మోటారు స్పీడు మార్చే డ్రైవ్, బిగించొచ్చా?

నిపుణుడు: త్రీ ఫేజా, సింగిల్ ఫేజా?

కాలర్: సింగిల్. కెపాసిటర్ ఉంది.

నిపుణుడు: అయితే వద్దమ్మా, వైండింగ్ కాలిపోతుంది. త్రీ ఫేజ్ మోటారైతే బిగించొచ్చు.

యాంకర్: ఇంకొకరు. త్వరగా చెప్పండి.

కాలర్: పంపు ముందు చెత్త పట్టే బాస్కెట్‌లో బుడగలొస్తున్నాయండి. పెద్ద పంపు కావాలా?

నిపుణుడు: అక్కర్లేదు. సక్షన్‌లో, అంటే పంపు నీళ్ళు లాగే వైపు, గాలి లాగుతోంది. స్కిమ్మర్ నోట్లో సగం వరకు నీళ్ళున్నాయా చూసి, పంపు ఆపి, మూత ఓ-రింగ్ తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. అయినా వస్తే పంపు ముందున్న యూనియన్, అంటే పైపు జాయింటు చూడండి. పంపు మార్చే మాట ఆ తర్వాతే. హెచ్‌పీ చూసి మాత్రం కొనకండి.

యాంకర్: థాంక్యూ అండి.