ఆ మోకాలికి ఏడాది ఇవ్వగలరా?

సభాధ్యక్షుల వారికి, సంఘం కార్యవర్గానికి, పొద్దుటి నుంచి వంటల దగ్గరే నిలబడ్డ అమ్మలకు, వెనక వరుసల్లో కౌబాయ్స్ జెర్సీలతో కూర్చున్న పిల్లలకు నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు, పేరుపేరునా చెబితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. మన్నించాలి.

ఉగాది సభలో అమెరికన్ ఫుట్‌బాల్ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం మన ఇళ్ల మధ్యనే ఉంది. మన పిల్లలు హైస్కూల్లో ఈ ఆట ఆడుతున్నారు. పైగా ఉగాది ఏటా కంబైన్‌కూ (కాలేజీ ఆటగాళ్లను పరీక్షించే వారం) డ్రాఫ్ట్‌కూ (జట్లు వాళ్లను ఎంచుకునే రోజులు) నడుమే వస్తుంది. సరిగ్గా ఈ వారాల్లోనే వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్ల డాక్టర్లు ఒక్కో కుర్రాడి మోకాలి మీదా, భుజం మీదా, వెన్ను మీదా తీర్పు రాస్తుంటారు.

నన్ను మాట్లాడమన్న ప్రశ్న ఇది: కుర్రాడికి ప్రతిభ ఉంది, దెబ్బ తగిలి ఉంది, తీసుకోవాలా వద్దా? నా జవాబు ముందే చెప్పేస్తాను. తీసుకోవచ్చు, కానీ ఏడాది ఆగగలిగిన జట్టే తీసుకోవాలి. సెప్టెంబరుకల్లా అతను మైదానంలో కనిపించాలనుకునే జట్టు అతని పేరే ఎత్తకూడదు.

డ్రాఫ్ట్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. కాలేజీ ఆటగాళ్లను 7 రౌండ్లలో జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు బాగా ఓడిన జట్టుకు ముందు వంతు. 2011 నుంచి కొత్త ఆటగాళ్ల జీతాలకు కొలబద్ద ఉంది. ఎన్నో నంబరులో పిలిచారన్నదాన్ని బట్టే డబ్బు. అందుకే ఒక మోకాలి మీద డాక్టరు రాసిన ఒక్క వాక్యం కుర్రాడి చేతిలోంచి కోట్ల డాలర్లు తీసేస్తుంది.

ఆ వాక్యం ఎలా పుడుతుందో చూడండి. ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో కంబైన్ జరుగుతుంది. 300 మందికి పైగా కుర్రాళ్లు వస్తారు. గది గదికీ తిరుగుతారు, ప్రతి గదిలోనూ కొన్ని జట్ల డాక్టర్లు ఉంటారు. ఒకాయన మోకాలు లాగి చూస్తాడు, పక్కనే ఇంకొకాయన మళ్లీ లాగుతాడు. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు, అంటే గట్టి పట్టీ) పరీక్ష ఎలా చేస్తారంటే, మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు మడిచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పిక్క పైభాగాన్ని ముందుకు లాగుతారు. టక్కున ఆగితే లిగమెంటు పనిచేస్తున్నట్టు, మెత్తగా జారిపోతే లేనట్టు. రెండు కాళ్ల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. ఇందులో ఒక చిక్కుంది. కుర్రాడు కంగారులో తొడ వెనక కండను బిగబట్టాడంటే వదులు మోకాలు కూడా బిగుతుగానే తగులుతుంది. వరసగా పదిమంది లాగాక నొప్పికి ఎవరైనా బిగబడతారు. అలా ఒక జట్టు కాగితం మీద పాస్, ఇంకో జట్టు కాగితం మీద ఫెయిల్. మోకాలు మాత్రం ఒకటే.

పాస్, ఫెయిల్ అన్న ఈ రెండు మాటల మీదే నా ఫిర్యాదు. అడగాల్సింది అది కాదు. దెబ్బ తిన్నది ఏది? ఎముకా, లిగమెంటా, ఎముకల చివర్లను కప్పే మృదులాస్థా, నరమా? ఒక్కోదాని గడువు వేరు, ఒక్కోదాని మోసం వేరు.

లిగమెంటు సంగతి చూద్దాం. తెగిన ఏసీఎల్ స్థానంలో మోకాలి చిప్ప కింది స్నాయువు (కండను ఎముకకు కట్టే తాడు)లోంచో తొడ కండరాల స్నాయువులోంచో ముక్క తీసి అమరుస్తారు. ఆ ముక్క నారుమడి నుంచి పీకి నాటిన వరి లాంటిది. నాటిన కొత్తలో వాడుతుంది, తర్వాతే వేళ్లూనుతుంది. ఆపరేషన్ అయిన 6 నుంచి 12 వారాల మధ్య ఆ ముక్క అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. నొప్పి, వాపు తగ్గి కుర్రాడికి హుషారొచ్చేది కూడా అప్పుడే. చాలా ప్రమాదాలకు మూలం అక్కడుంది. 9 నెలలు నిండకుండా, రెండో కాలితో పోలిస్తే తొడ బలం కనీసం 90 శాతానికి రాకుండా, తాకిడి ఉన్న ఆటలోకి దించకూడదు. అంతవరకు ఆపగలిగితే ఒంటి ఏసీఎల్ గాయం చూసి ఏ జట్టూ భయపడనక్కర్లేదు. జెఫరీ సిమన్స్ 2019 ఫిబ్రవరిలో ఏసీఎల్ తెంచుకున్నాడు. టెనెసీ టైటన్స్ ఏప్రిల్‌లో 19వ నంబరుకు తీసుకుని, 9 నెలలు నిండా కాకపోయినా, అక్టోబరు దాకా ఆడించలేదు. తర్వాత ప్రో బౌల్ (లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవం) స్థాయి ఆటగాడయ్యాడు.

మృదులాస్థి వేరు. అది తిరిగి పెరగదు. ఎంఆర్‌ఐలో ఇవాళ బాగానే ఉన్నట్టుంటుంది, ఐదేళ్లకు ఎముకా ఎముకా ఒరుసుకుంటాయి. మోకాలి ఎముకల నడుమ ఉండే నెలవంక ఆకారపు మెనిస్కస్‌ను కుట్టారా, కత్తిరించి తీసేశారా అన్నది అందుకే ముఖ్యం. కుట్టిస్తే కోలుకోవడానికి ఎక్కువ నెలలు పడుతుంది, కానీ మోకాలు ఎక్కువకాలం నిలుస్తుంది. తీసేస్తే త్వరగా ఆటలోకి వస్తాడు, అరుగుదల కూడా త్వరగా వస్తుంది.

ఇక నరం. మడమ స్నాయువుల గురించీ, ఏ స్థానంలో ఆడేవాడికి ఏ గాయం చేటన్నదాని గురించీ కూడా చెప్పాలనుకుని వచ్చాను. కానీ నరం దగ్గరికొచ్చాక ఒక కుర్రాడి కథ పూర్తిగా చెప్పకుండా ముందుకు పోలేను. ఇక్కడున్న కౌబాయ్స్ అభిమానులకు ఆ పేరు తెలుసు. జైలన్ స్మిత్.

నోటర్ డామ్ యూనివర్సిటీ లైన్‌బ్యాకర్, అంటే ఎదుటి జట్టును ఆపే వరుసలో ఆడేవాడు. 2015లో దేశంలోనే మేటి కాలేజీ లైన్‌బ్యాకర్‌గా బట్కస్ అవార్డు అందుకున్నాడు. మొదటి ఐదుగురిలో ఒకడిగా పోతాడని అందరి అంచనా. 2016 జనవరి 1న ఫియస్టా బౌల్ అనే కాలేజీ పోటీలో ఒహాయో స్టేట్ మీద ఆడుతుండగా తొలి క్వార్టర్‌లోనే ఎడమ మోకాలు ఎదురుదిక్కుకు విరుచుకుపోయింది. ఏసీఎల్ పోయింది, మోకాలి బయటివైపు లిగమెంటు పోయింది. వీటిని కట్టవచ్చు. అసలు దెబ్బ పెరోనియల్ నరానికి తగిలింది.

మోకాలి బయటివైపు, కాస్త కిందగా, గుండ్రటి ఎముక తల ఒకటి చేతికి తగులుతుంది. ఒకసారి తడిమి చూడండి. దాని మెడను చుట్టుకుని చర్మం కిందే ఆ నరం పోతుంది. పాదాన్ని పైకెత్తేదీ, బొటనవేలిని పైకి లేపేదీ అదే. మోకాలు అటువైపు తెరుచుకుంటే ఆ నరం సాగుతుంది. అప్పుడు పాదం వేలాడిపోతుంది, నడుస్తుంటే వేళ్లు నేలకు తట్టుకుంటాయి.

నరం దెబ్బ మూడు రకాలు. ఊరికే మొద్దుబారితే వారాల్లో తిరిగొస్తుంది. పూర్తిగా తెగితే దానంతటది రాదు. ఈ రెంటికీ మధ్యది ఒకటుంది: పైతొడుగు నిలిచి లోపలి పోగులు తెగడం. అప్పుడు పోగులు తొడుగు లోపలే మళ్లీ పెరుగుతూ వస్తాయి, రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున. లెక్క కట్టండి. గాయం జనవరి 1న. కౌబాయ్స్ అతణ్ని పిలిచింది ఏప్రిల్ 29న, 34వ నంబరుకు. మధ్యలో 119 రోజులు. నరం మహా పెరిగితే 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. బొటనవేలిని లేపే కండ దాకా పోవాల్సిన దూరం అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. అంటే డ్రాఫ్ట్ రోజున బొటనవేలు లేవకపోవడం వల్ల పెద్దగా ఏమీ తెలియదు! లేవడానికి ఇంకా గడువే రాకపోయి ఉండొచ్చు. అయినా కొన్ని జట్లు ఆ బొటనవేలు చూసి అతని పేరు కొట్టేశాయి.

డాలస్‌కు మిగతా 31 జట్లకు లేనిది ఒకటుంది. ఆ మోకాలికి ఆపరేషన్ చేసింది కౌబాయ్స్ జట్టు డాక్టరు డాన్ కూపరే. నరం తెగలేదని, సాగిందని ఆయనకు తెలుసు. చాలామంది దీన్ని గుడ్డి జూదమన్నారు. నేను ఒప్పుకోను. సరిగ్గా చూసినవాడు దగ్గరుండి తీసుకున్న నిర్ణయమది. అంతకన్నా మంచి పని వాళ్లు తర్వాత చేశారు. 2016 సీజనంతా అతణ్ని ఒక్క ఆటకూ దించలేదు. 2017లో పాదాన్ని ఎత్తిపట్టే బ్రేస్ తొడిగి ఆడించారు. 2018లో బ్రేస్ తీసేశాడు, ఆ సీజన్లో 121 టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ని పడగొట్టడం) చేశాడు. 2019లో ప్రో బౌల్‌కు వెళ్లాడు.

మరి కుర్రాడికి ఏం మిగిలింది? అదే ఏడాది 5వ నంబరుకు పోయిన జేలన్ రామ్జీకి నాలుగేళ్లకు సుమారు 2.3 కోట్ల డాలర్లు వచ్చాయి. జైలన్‌కు సుమారు 65 లక్షలు. బీమా కట్టుకున్నాడు కాబట్టి దాదాపు 9 లక్షల డాలర్లు అందాయని అప్పట్లో వార్తలొచ్చాయి. జట్టు తీసుకున్న ముప్పుకు ఖరీదు కట్టింది ఆ కుర్రాడే. అమ్మా, అయ్యా, మీ పిల్లవాడు కాలేజీ స్థాయికి వెళ్తే బీమా సంగతి మొదటి ఏడే అడగండి. గాయమయ్యాక ఎవరూ ఇవ్వరు.

ఇదే డ్రాఫ్ట్‌లో రెండు పేర్ల తర్వాత, 36వ నంబరుకు, మైల్స్ జాక్ వెళ్లాడు. అతనూ లైన్‌బ్యాకరే, అతనిదీ మోకాలే, కానీ అక్కడి భయం మృదులాస్థి గురించి. అతను జాక్సన్‌విల్‌కు ఆరు సీజన్లు ఆడాడు. ఈ తేడా మనసులో పెట్టుకోండి: మృదులాస్థి తొలి కాంట్రాక్టుకు అడ్డం రాదు, రెండో కాంట్రాక్టును తినేస్తుంది. టాడ్ గర్లీని 2015లో రామ్స్ 10వ నంబరుకు తీసుకున్నారు, అప్పటికి ఏసీఎల్ తెగి ఆరు నెలలు కూడా కాలేదు. మంచి నిర్ణయం. ఆ ఏడే ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, 2017లో లీగ్‌లో ఉత్తమ అఫెన్స్ ఆటగాడయ్యాడు. 2018లో నాలుగేళ్లకు 5.75 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం రాశారు. తర్వాత మోకాలి అరుగుదల బయటపడింది. 2020 మార్చిలో వదిలేశారు. తప్పు డ్రాఫ్ట్‌లో జరగలేదు, రెండో సంతకంలో జరిగింది.

ఆగగలిగే జట్టు అంటే ఏమిటని అడుగుతారు. ఆ స్థానంలో ఇప్పటికే ఆడేవాడు ఉండాలి. 2003లో విల్లిస్ మెకాహీ అలాంటి మోకాలితోనే డ్రాఫ్ట్‌కు వచ్చాడు. అదీ ఫియస్టా బౌలే, ఎదుట జట్టూ ఒహాయో స్టేటే. మూడు లిగమెంట్లు పోయాయి. బఫెలో 23వ నంబరుకు తీసుకుంది. అదే స్థానంలో ట్రావిస్ హెన్రీ ఉన్నాడు కాబట్టి ఏడాదంతా కూర్చోబెట్టగలిగింది. 2004లో మెకాహీ బంతితో 1,128 గజాలు పరిగెత్తాడు. 2022లో డెట్రాయిట్ లయన్స్ జేమ్సన్ విలియమ్స్‌ను 12వ నంబరుకు తీసుకుని డిసెంబరు దాకా దించలేదు. ఇంకో రెండేళ్లకు, బంతి అందుకుని సాధించిన గజాలు ఒక్క సీజన్లో వెయ్యి దాటించాడు.

ఎంత ఆగినా రాని మోకాళ్లూ ఉంటాయి, దాచకూడదు. సౌత్ కరొలైనా యూనివర్సిటీలో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) మార్కస్ లాటిమోర్‌కు 2011లో ఎడమ మోకాలు పోయింది, 2012 అక్టోబరులో కుడి మోకాలు కీలు తప్పి లిగమెంట్లు తెగాయి, నరానికీ దెబ్బ తగిలింది. శాన్ ఫ్రాన్సిస్కో నాలుగో రౌండులో తీసుకుంది, ఏడాదికి పైగా ఆగింది. ఒక్క ఆట కూడా ఆడకుండానే 2014 నవంబరులో విరమించుకున్నాడు. అదే జట్టు 2005లో, రెండు మోకాళ్లలోనూ ఏసీఎల్ తెగి కట్టుకున్న ఫ్రాంక్ గోర్‌ను 65వ నంబరుకు తీసుకుంది. అతను 16 సీజన్లు ఆడి సరిగ్గా 16,000 గజాలు పరిగెత్తాడు. లీగ్ చరిత్రలో పరిగెత్తిన గజాల లెక్కన ఎమిట్ స్మిత్, వాల్టర్ పేటన్ తర్వాత మూడోవాడు. గోర్‌కు పోయింది లిగమెంట్లు. లాటిమోర్‌కు కీలే తప్పింది. రెండిటినీ ‘మోకాలి గాయం’ అని ఒకే గాటన కట్టేవాళ్ల మాట వినకండి.

తల్లిదండ్రులకు ఒక పని చెప్పి ముగిస్తాను. మీ పిల్లవాడికి ఎప్పుడు ఏ ఆపరేషన్ అయినా డాక్టరు రాసిన ఆపరేషన్ నోట్ అడిగి తీసుకోండి. డిశ్చార్జి కాగితం సరిపోదు. ఏ స్నాయువు ముక్క వాడారు, ఎన్ని మిల్లీమీటర్ల మందం, మెనిస్కస్ కుట్టారా, తీసేశారా, తీస్తే ఎంత, మృదులాస్థి ఏ గ్రేడులో ఉంది, ఇవన్నీ అందులో ఉండాలి. లోపల కెమెరాతో తీసిన ఫొటోలు అడగండి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఎంఆర్‌ఐల సీడీలు, ఫిజియోథెరపీలో కొలిచిన తొడ బలం తేదీలతో సహా ఒకే ఫైల్లో పెట్టండి. ఆరో నెలలో కోచ్ ఫోన్ చేసి కుర్రాడు బాగానే పరిగెత్తుతున్నాడు కదా, ఈ శుక్రవారం దింపుదామా అంటే, ఆ ఫైలు తెరిచి తొడ బలం ఎంతుందో, ఎన్ని నెలలైందో ఆయనకు చదివి వినిపించండి. 9 నెలలు కాకపోతే వద్దనండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, ముందు పిల్లల వైపు నుంచి.