థ్రిఫ్ట్ స్టోర్ వెనక గదిలో పని ఎలా ఉంటుంది? చేరేముందు చూడండి

నమస్తే అండి. అమెరికాలో థ్రిఫ్ట్ స్టోర్‌లో, అంటే వాడిన సామాను అమ్మే షాపులో, ప్రొడక్షన్ ఉద్యోగం వచ్చింది, అక్కడ ఏం చేయాలి అని అడుగుతున్నవాళ్ల కోసం ఈ వీడియో. జనం విరాళంగా ఇచ్చిన సంచులు విప్పి, పనికొచ్చేవి ఏరి, ధర వేసి షాపులోకి పంపడం, అదే పని. గుడ్‌విల్ అనే పెద్ద థ్రిఫ్ట్ స్టోర్ల సంస్థని 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టర్ మొదలుపెట్టింది కూడా ఇలాగే, ఉన్నవాళ్ల ఇళ్లల్లో పాత సామాను సేకరించి, దాన్ని బాగుచేసే పనిని పేదవాళ్లకి ఇచ్చారు. కాబట్టి దీన్ని చిన్న పని అనుకోకండి.

ముందే ఒక మాట. హెచ్4, అంటే డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఈఏడీ, అంటే పని చేయడానికి అనుమతి కార్డు, చేతికొచ్చాకే చేరండి. ఎఫ్1 వీసా మీద చదువుకునే విద్యార్థులు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు, ఎవరేం చెప్పినా రిస్క్ తీసుకోవద్దు.

సరే, సంచి దగ్గరికొద్దాం. లోపల చెయ్యి పెట్టి వెతకొద్దు. అడుగు పట్టుకుని టేబుల్ మీద మెల్లగా ఒంపండి, ఎందుకంటే పగిలిన గాజు ఉండొచ్చు, బ్లేడు ఉండొచ్చు, ఒక్కోసారి ఇంజెక్షన్ సూది కూడా ఉండొచ్చు. కోత పడకుండా ఆపే గ్లోవ్స్ సూదిని కూడా ఆపుతాయని ధీమా పడొద్దు. సూది కనిపిస్తే ముట్టుకోకుండా సూపర్‌వైజర్‌ని పిలవండి.

ఇప్పుడు ఈ చొక్కా చూడండి. ముందు కాలర్ లోపలి మడత, అక్కడ మురికి గీత ఉందా? తర్వాత చంకలు, పసుపు మరక ఉంటే పక్కకి. తర్వాత కఫ్‌లు, గుండీలు, ఆఖరికి ఇలా వెలుతురుకి ఎత్తి పట్టుకోండి, పురుగు కొట్టిన చిల్లులు అప్పుడే బయటపడతాయి, ఉన్ని స్వెటర్లలో మరీను. ప్యాంటు అయితే జిప్పు, తొడల మధ్య కుట్టు, జేబులు. జేబుల్లో డబ్బు, ఉంగరం ఏది దొరికినా వెంటనే అప్పజెప్పండి. గంటకి ఇన్ని పీసులు అని టార్గెట్ ఉంటుంది కాబట్టి మొదట్లో టెన్షన్ పడతారు, కానీ ప్రతిసారీ ఇదే వరసలో చూస్తే వేగం దానంతటదే వస్తుంది.

బ్రాండ్ పేరు చూసి మరక వదిలేయొద్దు. అలాగని లేబుల్ చూడకుండా విసిరేయొద్దు కూడా. లీవైస్ ఎర్ర ట్యాబ్ మీద పేరులోని ఇంగ్లీషు E అక్షరం క్యాపిటల్‌లో ఉంటే అది 1971కి ముందుది కావచ్చు, పక్కనపెట్టి అడగండి. ధర చీటీ తగిలించే ట్యాగ్ గన్‌ని గుడ్డలోకి గుచ్చొద్దు, మెడ దగ్గరి లేబుల్‌లోకో కుట్టులోకో గుచ్చండి, సిల్కులో పడిన చిల్లు ఇక పోదు.

మన వాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో చీరలు కూడా వస్తాయి. తెలియనివాళ్లు వాటిని కర్టెన్ల వైపు పెట్టేస్తారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మీరు చూస్తే వదలకండి. పూర్తిగా విప్పి, పల్లు దగ్గర జరీ నల్లబడిందా, మడతల దగ్గర పట్టు చిరిగిందా, అంచుకి ఫాల్ ఉందా చూడండి. పట్టుదైతే ఎందుకు ఎక్కువ ధర వేయాలో సూపర్‌వైజర్‌కి అక్కడికక్కడే చెప్పండి. జాకెట్టు, లంగా దొరికితే కవర్లో పెట్టి ఆ చీర హ్యాంగర్‌కే తగిలించండి, విడిపోతే మళ్లీ కలవవు.

పిల్లల సామాను దగ్గర మాత్రం జాలి పడొద్దు. పక్క కిందకి జారే క్రిబ్‌లు, అంటే పసిపిల్లల మంచాలు, అమ్మడం అమెరికాలో 2011 జూన్ నుంచి నిషేధం. రీకాల్ అయిన, అంటే ప్రమాదమని కంపెనీ వెనక్కి పిలిచిన వస్తువు ఏదైనా సరే అమ్మడం చట్టవిరుద్ధం, మోడల్ నంబర్ చూసి వెతికాకే ధర వేయండి.

చాలా షాపుల్లో వారానికో రంగు ట్యాగ్ ఉంటుంది. కొన్ని వారాలకీ పోనివి సగం ధరకి, ఆ తర్వాత అవుట్‌లెట్ షాపులో తూకం వేసి పౌండ్ల లెక్కన అమ్ముతారు, ఇంకా మిగిలితే బేళ్లు, అంటే పెద్ద మూటలు కట్టి పంపేస్తారు. అమెరికా పాత బట్టలు కొన్ని గుజరాత్‌లోని కాండ్లా దాకా వెళ్లి అక్కడ మళ్లీ ఏరబడతాయి, ఉన్నివి హర్యానాలోని పానిపట్‌లో మళ్లీ దారంగా మారి దుప్పట్లవుతాయి. అందుకే మీరు పక్కన పడేసింది చెత్త కాదు, అవతల ఇంకొకరి చేతికి వెళ్లే సరుకు. తడి బట్ట ఒక్కటి కూడా ఆ బేళ్లలో పడనివ్వకండి, బూజు పడితే దాని చుట్టూ ఉన్నవన్నీ పాడవుతాయి.